కొలబద్ద కంటే ముందు వల కన్ను చూడాలి

మీరు అడిగినవి క్లుప్తంగా ఇవి: చిన్న చేపను పట్టకూడదని, పడితే వదిలేయాలని రూలు పెట్టారు. కానీ వల పైకి వచ్చేసరికే అది చచ్చిపోయి ఉంటుంది, చచ్చినదాన్ని నీళ్లలో పారేస్తే ఎవరికి లాభం? ఒక్కో చేపకు ఒక్కో సెంటీమీటర్ల లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? పెద్ద చేపల్ని మాత్రమే పట్టుకుంటే సముద్రం నిండుగా ఉంటుందా? కొలిచేటప్పుడు తోక చివరి దాకా కొలవాలా, చీలిక దాకానా?

ఇరవై ఏళ్లకు పైగా చేపలు కొలవడమే నా ఉద్యోగం. రేవుల్లో కొలిచాను, వలను వెనక ఈడ్చుకుంటూ పోయే ట్రాలర్ పడవ డెక్ మీద కొలిచాను, ఐసు పెట్టెలో చేతులు పెట్టి వేళ్లు తిమ్మిరెక్కేదాకా కొలిచాను. మీ మొదటి ప్రశ్నలో ఉన్న అనుమానం చాలావరకు నిజమే. కనీస సైజు రూలు గెలిచేదీ ఓడేదీ రేవులో కొలబద్ద దగ్గర కాదు. వల నీళ్లలోకి దిగకముందే, దాని కన్ను, అంటే దారాల మధ్య సందు, ఎంచుకునే దగ్గరే ఆ సంగతి చాలావరకు తేలిపోతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ సెంటీమీటర్ల లెక్క దగ్గర మొదలుపెట్టాలి.

ఒక జాతికి కనీస సైజు పెట్టాలంటే అది ఎంత పొడవున్నప్పుడు గుడ్డుకు వస్తుందో తెలియాలి. దీనికి దగ్గరి దారి లేదు. వందల చేపలు తెచ్చి, ఒక్కోదాని పొడవు రాసుకుని, పొట్ట కోసి చూడాలి. లేత చేపలో అండాశయం వెన్నెముక కిందుగా సన్నటి దారంలా, దాదాపు గాజులా ఉంటుంది. అది ఆడదో మగదో చెప్పడానికి ఒక్కోసారి మైక్రోస్కోప్ కావాలి. కాస్త ఎదిగిన చేపలో అది గులాబీ రంగుకు తిరిగి, పొట్టలో కొంత చోటు ఆక్రమిస్తుంది. ఇంకా ముదిరితే పసుపు రంగుకు వస్తుంది, వేలితో తాకితే గింజగింజగా తగులుతుంది. గుడ్లు వదిలే సమయం దగ్గరపడ్డాక అవి నీళ్లు పీల్చుకుని ఉడికిన సగ్గుబియ్యంలా మెరుస్తాయి. గుడ్లు వదిలేసిన చేపలో అదే సంచి ఎర్రటి చారలతో ఖాళీ జేబులా వేలాడుతుంది. ఇవన్నీ చూసి ప్రతి చేపకీ ఒక దశ నంబరు వేస్తాం.

తర్వాత పొడవు వారీగా లెక్క కడతాం. 10 సెంటీమీటర్ల చేపల్లో నూటికి ఎన్ని గుడ్డుకు వచ్చాయి, 11లో ఎన్ని, 12లో ఎన్ని అని. గీత గీస్తే అది కింద నెమ్మదిగా మొదలై, మధ్యలో నిటారుగా లేచి, పైన మళ్లీ చదునవుతుంది. సరిగ్గా సగం చేపలు ఈడుకు వచ్చిన పొడవును ఆ జాతికి ‘మొదటి పరిపక్వత పొడవు’ అంటారు. చాలా చోట్ల కనీస సైజు గురించి చర్చ మొదలయ్యేది ఈ అంకె దగ్గరే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సగం చేపలు ఈడుకు వచ్చాయంటే మిగతా సగం ఇంకా రాలేదని. వచ్చిన సగం కూడా ఇప్పుడే వచ్చాయి, వాటిలో చాలావాటికి ఒక్కసారైనా గుడ్లు పెట్టే అవకాశం ఇంకా దొరకలేదు. ‘ప్రతి చేపా ఒక్కసారైనా పిల్లల్ని కన్నాకే పట్టాలి’ అనేది నిజంగా మన ఉద్దేశమైతే రూలు ఆ పొడవు కంటే పైన ఉండాలి. ఆచరణలో అది తరచూ కిందే ఉంటుంది. ఉత్తర సముద్రంలో కాడ్ చేపకు యూరోపియన్ యూనియన్ పెట్టిన కనీస సైజు 35 సెంటీమీటర్లు. అక్కడ ఆడ కాడ్ సాధారణంగా 50 దాటాకే గుడ్డుకు వస్తుంది. మధ్యధరా సముద్రంలో హేక్ అనే చేపకు రూలు 20 సెంటీమీటర్లు, ఆడ హేక్ ఈడుకు వచ్చేది 30 దాటాక. శాస్త్రజ్ఞులకు ఈ సంగతి తెలియదని కాదు. బల్లకు ఒక పక్క శాస్త్రజ్ఞులు, మరో పక్క పడవల వాళ్లు, ఇంకో పక్క వ్యాపారులు కూర్చున్నాక బయటికి వచ్చే అంకె అది. అందుకే ఏ కనీస సైజునైనా చూసినప్పుడు నేను మొదట అడిగేది, ఆ చేప ఈడుకు వచ్చే పొడవుకు ఇది పైన ఉందా కింద ఉందా అని.

పైగా ఆ పొడవు శిలాశాసనమేమీ కాదు. నీళ్ల వేడి మారితే, తిండి తగ్గితే, చేపల సాంద్రత మారితే ఎదుగుదల మారుతుంది. పసిఫిక్ హాలిబట్ అనే పెద్ద చదును చేపకు వాణిజ్య వేటలో కనీస సైజు 1973 నుంచి 32 అంగుళాలు, అంటే 81 సెంటీమీటర్ల పైచిలుకు. 1980ల తర్వాత అదే వయసు హాలిబట్ చాలా చిన్నదిగా ఉండటం మొదలైంది. రూలు మారలేదు, చేప మారింది. దాంతో వయసొచ్చిన చేపలు కూడా ఎన్నో 32 అంగుళాలకు అందక తిరిగి నీళ్లలోకే వెళ్లసాగాయి.

చిన్న చేపను పట్టడం వల్ల జరిగే నష్టం రెండు రకాలు. చాలామంది రెండోదాని గురించే మాట్లాడతారు కానీ మొదటిది వేటగాడి జేబుకు నేరుగా తగిలేది. ఒక లెక్క చూడండి, ఊరికే అర్థం కావడానికి వేసుకున్న అంకెలివి. 20 గ్రాముల చేపలు వెయ్యి ఉన్నాయి. ఈ రోజే పట్టేస్తే 20 కిలోలు. ఆరు నెలలు ఆగితే ఒక్కోటి 70 గ్రాములకు ఎదుగుతుందనుకోండి. ఈలోపు పెద్ద చేపలు మింగి, జబ్బు చేసి 400 పోయాయనుకోండి. మిగిలిన 600 చేపలు 42 కిలోలు తూగుతాయి. నలభై శాతం చచ్చిపోయినా బరువు రెట్టింపు దాటింది, పెద్ద చేప కాబట్టి కిలోకు ధర కూడా ఎక్కువే పలుకుతుంది. అయితే ఇంకా ఇంకా ఆగుతూ పోతే ఎప్పటికో ఎదుగుదల నెమ్మదించి, చావులే గెలుస్తాయి. ఆ రెండూ సమమయ్యే చోటే ఆ మందను పట్టడానికి మంచి అదను. రేమండ్ బెవర్టన్, సిడ్నీ హోల్ట్ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రజ్ఞులు 1957లో ఈ లెక్కను పద్ధతిగా పరిచి చూపించారు. ఇప్పటికీ మా పని ఆ పునాది మీదే నడుస్తోంది. ఆ అదనుకు ముందే పట్టేయడాన్ని ఎదుగుదల దశ అతివేట అంటారు. రెండో నష్టం, గుడ్లు పెట్టే చేపలే కరువై పిల్లలు పుట్టకపోవడం. మొదటిదాన్నుంచి ఒకట్రెండేళ్లలో తేరుకోవచ్చు. రెండోది జరిగితే ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. వదిలేస్తే బతుకుతుందా?

నేను మొదటిసారి ట్రాలర్ ఎక్కిన రోజు వల మూడు గంటల పైన ఈడ్చాక పైకి తీశారు. వల చివరి సంచి ముడి విప్పగానే డెక్ మీద ఒక గుట్ట పడింది. పైన ఉన్నవి ఇంకా కొట్టుకుంటున్నాయి. నలుగురు పీట వేసుకుని ఏరడం మొదలుపెట్టారు, ముందు రొయ్య, తర్వాత పెద్ద చేప, తర్వాత స్క్విడ్. ముప్పావు గంట తర్వాత కూడా గుట్ట అడుగున ఉన్న చిన్న చేపల దగ్గరికి ఎవరి చెయ్యీ వెళ్లలేదు. చివరికి పారతో ఎత్తి పక్కకు పోశారు. పక్షులు అప్పటికే పడవ వెనక తిరుగుతున్నాయి. నీళ్ల మీద తేలినవాటిలో కదిలినది ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. వాటిని వదిలేశామని లాగ్‌బుక్‌లో రాయొచ్చు. చేపకు మాత్రం ఆ రాతతో పనిలేదు.

చాలా చేపల పొట్టలో గాలి సంచి ఉంటుంది. లోతు నుంచి ఒక్కసారిగా పైకి లాగితే ఆ గాలి ఉబ్బి, కళ్లు బయటికి పొడుచుకొస్తాయి, పొట్ట నోట్లోంచి బయటికొస్తుంది. దానికి తోడు వలలో ఒకదాన్నొకటి నలుపుకుంటాయి, పొలుసులు రాలతాయి, ఎండలో మొప్పలు ఎండిపోతాయి. కవళ్లు, నెత్తళ్ల లాంటి సున్నితమైన చేపలైతే చేత్తో పట్టుకుంటేనే పొలుసు ఊడుతుంది. వీటి విషయంలో ‘పట్టి వదిలేయడం’ అనే మాటకు అర్థమే లేదు.

కానీ అన్ని జీవులూ ఇంతే అనుకోకండి. పీతలకు, లాబ్‌స్టర్లకు గాలి సంచి లేదు, గట్టి డొప్ప ఉంది, బోనులో పడ్డాక కూడా హాయిగా బతుకుతాయి. కనీస సైజు రూలు బాగా పనిచేసిన కథలు ఎక్కువగా వీటివే కావడం అందుకే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లాబ్‌స్టర్ వేటగాడి చేతిలో ఒక ఇత్తడి గేజు ఉంటుంది. దాని ఒక కొనను లాబ్‌స్టర్ కంటి గుంటలో ఆనించి, రెండో కొన వీపు డొప్ప వెనక అంచు దాటుతుందో లేదో చూస్తారు. డొప్ప మూడుంపావు అంగుళాల కంటే చిన్నదైతే నీళ్లలోకి. ఐదు అంగుళాల కంటే పెద్దదైనా నీళ్లలోకే. కడుపు కింద గుడ్లు మోస్తున్న ఆడదైతే తోక రెక్కలో ఒకదానికి ‘వి’ ఆకారంలో చిన్న గాటు పెట్టి వదులుతారు. మళ్లీ ఎప్పుడైనా పడినప్పుడు గుడ్లు లేకపోయినా, ఆ గాటు ఉన్నంతకాలం దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. బోనుకు కూడా చిన్నవి దూరి బయటికి పోవడానికి ఒక కిటికీ పెడతారు. ఒక్క లాబ్‌స్టర్‌ను చూసి వదలడానికి పట్టేది కొన్ని సెకన్లే, నేనైతే ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు ఇంకోటి చూడలేదు. అంత అలవాటైన చోట కూడా, పిల్ల లాబ్‌స్టర్ల సంఖ్య తగ్గుతోందని కనీస సైజును అంగుళంలో 16వ వంతు పెంచాలని 2023లో నిర్ణయిస్తే వేటగాళ్లు గట్టిగా ఎదురుతిరిగారు. అమల్లోకి రాకుండానే 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మిల్లీమీటరున్నర కోసం అంత గొడవ. కాగితం మీద అంకె రాసినంత తేలిక కాదు దాన్ని పడవలోకి ఎక్కించడం.

అదే అమెరికా పడమటి తీరంలో డంజెనెస్ పీతకు ఇంకా సింపుల్ పద్ధతి. వాణిజ్య వేటలో మగవాటినే పట్టాలి, అవి కూడా ఆరుంపావు అంగుళాల వెడల్పు దాటాలి, పట్టడానికి ఒక సీజను. మగ పీత ఆ సైజుకు వచ్చేలోపే ఒకసారైనా జత కడుతుందనేది ఇందులోని కిటుకు.

గుట్టగా పడి, నలిగి చచ్చే చేపల విషయంలో మాత్రం మార్గం ఒక్కటే: అవి పైకి రాకుండా, కిందే జారిపోవాలి. అంటే వల కన్ను.

వల కన్ను అనగానే ఎన్ని మిల్లీమీటర్లు అని అడుగుతారు. దాంతో పాటు కన్ను ఆకారం కూడా అడగాలి. మామూలు ట్రాల్ వలకు డైమండ్ కన్ను ఉంటుంది. ఉల్లిపాయల నెట్ సంచిని ఖాళీగా పట్టుకుంటే కళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి, నింపి ఎత్తితే పొడవుగా సాగి మూసుకుపోతాయి. ట్రాల్ వల సంచి కూడా అంతే. పడవ లాగుతున్నప్పుడు, వెనక చేపల బరువు పడ్డప్పుడు డైమండ్ కన్ను గీతలా అయిపోతుంది. ఒడ్డున చేత్తో సాగదీసి కొలిస్తే 40 మిల్లీమీటర్లు, నీళ్లలో మాత్రం దాంట్లోంచి వేలు కూడా పట్టదు. అదే వలను తిప్పి నలుచదరం కన్ను వచ్చేలా అమరిస్తే లాగుడు దారాల వెంట పోతుంది, కన్ను తెరుచుకునే ఉంటుంది. అదే కొలత, అదే దారం, జారిపోయే పిల్లల సంఖ్యలో మాత్రం చాలా తేడా. గుండ్రటి ఒళ్లున్న చేపలకు ఇది బాగా పనికొస్తుంది. పళ్లెంలా చదునుగా ఉన్న చేపలకు మాత్రం డైమండ్ కన్నే కాస్త నయం. రొయ్యల వలల్లో నార్వే వాళ్లు ఇంకో పని చేశారు, వల గొంతులో ఏటవాలుగా ఒక కమ్మీల చట్రం పెట్టారు. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి వెనక్కి పోతాయి, చేపలు చట్రం మీదుగా పైకి జారి రంధ్రంలోంచి బయటపడతాయి.

నీళ్లలో తెరలా నిలబెట్టే గిల్ నెట్ స్వభావం వేరు. చిన్న చేప కన్నులోంచి దూసుకుపోతుంది, మరీ పెద్దదాని తల కన్నులో దూరదు, మధ్య సైజుదే మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. కన్ను సరిగ్గా ఎంచుకుంటే దానంతట అదే కింద హద్దు, పై హద్దు రెండూ పెట్టేస్తుంది. రూలు రాసే వాళ్లు ఈ తేడా పట్టించుకోకుండా అన్ని వలలకూ ఒకే వాక్యం రాసినప్పుడు నాకు చిరాకొస్తుంది.

వల ఎంత బాగున్నా కత్తితో కోసినట్టు ‘ఇంతకంటే చిన్నది పడదు’ అని ఉండదు. కొన్ని పిల్లలు పడతాయి, కొన్ని పెద్దవి తప్పించుకుంటాయి. సంచి నిండిపోతే కళ్లు మూసుకుపోయి జల్లెడ పనిచేయడం మానేస్తుంది, కాబట్టి గంటల తరబడి ఈడ్చడం తగ్గించినా ఫలితం ఉంటుంది. ఇక మనుషుల తెలివి ఉండనే ఉంది. పైకి రూలు ప్రకారం వల, లోపల సన్న కన్ను వల ఇంకోటి కుట్టి ఉండటం నేను కళ్లారా చూశాను. తనిఖీకి వచ్చినాయన బయటి కన్ను కొలిచి, సరిగ్గా ఉందని రాసుకుని వెళ్లిపోయాడు.

అన్నిటికంటే చిక్కు ఉష్ణమండల సముద్రాల్లో. చల్లటి సముద్రాల్లో ఒక వలకు రెండు మూడు జాతులే ప్రధానంగా పడతాయి. వెచ్చటి నీళ్లలో ఒక్క ఈడుపులోనే యాభై రకాలు పడొచ్చు. ఒకటి 12 సెంటీమీటర్లకే ఈడుకు వస్తుంది, పక్కదానికి 45 కావాలి. పెద్దదానికి సరిపడా కన్ను పెడితే చిన్న జాతులన్నీ జారిపోతాయి, చిన్నవాటికి సరిపడా పెడితే పెద్ద జాతి పిల్లలు దొరికిపోతాయి. అందరికీ సరిపోయే కన్ను లేదు. అలాంటి చోట పిల్లలు పెరిగే లోతు తక్కువ నీళ్లను, మడ అడవుల ముంగిళ్లను, గుడ్లు పెట్టే నెలలను తప్పించడమే కన్ను కంటే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. కేరళ 2015లో 14 జాతులకు కనీస సైజు ప్రకటించి, 2017లో ఆ జాబితాను 58కి పెంచింది. అందులో నూనె కవళ్లకు 10 సెంటీమీటర్లు, కానాగుర్తకు 14. మాటలో మాట, కానాగుర్త శాస్త్రీయ నామం ‘రాస్ట్రెల్లిగర్ కనగుర్త’. ఆ రెండో మాట మన తెలుగుదే, 1803లో అచ్చయిన పాట్రిక్ రస్సెల్ చేపల పుస్తకం నుంచి శాస్త్రంలోకి వెళ్లింది. ఈ రెండు చేపలూ గుంపులుగా తిరుగుతాయి, ఒక గుంపులో దాదాపు ఒకే సైజువి ఉంటాయి. వల వేసే ముందు గాలంతోనో చిన్న వలతోనో నాలుగు చేపలు తీసి చూస్తే గుంపు సంగతి తెలుస్తుంది. యాభై రకాలు కలిసిన ట్రాల్ గుట్టకు ఈ సౌకర్యం లేదు.

చచ్చిన చిన్న చేపను నీళ్లలో పారేయడం దండగ కదా అన్నారు. ఆ మాట మీద చట్టాలే మారాయి. నార్వే 1987లోనే కాడ్, హ్యాడక్ చేపల్ని సముద్రంలో పారేయడం నిషేధించింది. యూరోపియన్ యూనియన్ 2013లో నిర్ణయించి, 2015 నుంచి 2019 మధ్య దశలవారీగా అమలు చేసింది. కోటా, అంటే ఎంత పట్టొచ్చో ముందే కట్టిన హద్దు, ఉన్న జాతుల చేప ఏది పడినా ఒడ్డుకు తేవాలి, అది మీ కోటాలో లెక్క. కనీస సైజుకు రాని చేపను మనుషులు తినడానికి నేరుగా అమ్మకూడదు. ఆలోచన బాగుంది, చిన్న చేప పడితే కోటా తరిగిపోతుంది, డబ్బు రాదు, కాబట్టి వేటగాడే వల మార్చుకుంటాడని. కానీ నడి సముద్రంలో ఎవరూ చూడనప్పుడు పారేయడం ఆగిందని నమ్మడం కష్టం. ఇంకోవైపు ప్రమాదం కూడా ఉంది, తెచ్చిన చిన్న చేపకు దాణా ఫ్యాక్టరీ మంచి రేటు ఇస్తే అదే ఒక వ్యాపారమైపోతుంది. ఇది కొత్త బాధేమీ కాదు. 1376లో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్‌కు కొందరు మొరపెట్టుకున్నారు. సన్న కన్ను ఉన్న కొత్త రకం ఈడ్పు వల వచ్చిందని, పిల్ల చేపల్ని కూడా ఊడ్చేస్తోందని, అన్ని చేపల్ని ఏం చేయాలో తెలియక పందులకు వేసి మేపుతున్నారని. ఆరున్నర శతాబ్దాలైంది, ఫిర్యాదులో పందుల బదులు రొయ్యల చెరువులు అని మార్చుకుంటే ఇవాళ కూడా సరిపోతుంది.

పెరూ కథ వింటే రూలు రాయడం ఎంత కష్టమో తెలుస్తుంది. అక్కడి ఆంకోవెటా మన నెత్తళ్లకు చుట్టం. 12 సెంటీమీటర్ల లోపుది పిల్ల కింద లెక్క. పడిన చేపల సంఖ్యలో పదో వంతు కంటే ఎక్కువ పిల్లలుంటే ఆ ప్రాంతాన్ని కొన్ని రోజులు మూసేస్తారు. వినడానికి చక్కగా ఉంది. కానీ ‘ఫలానా చోట మూశాం’ అని ప్రకటిస్తే, ఆ చుట్టుపక్కల చేప దండిగా ఉందని పడవలన్నింటికీ టాంటాం వేసినట్టే. మూసిన గీతకు ఆవల, మూత ఎత్తేసిన మర్నాడు, పడవలు అక్కడే గుమిగూడాయి. ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన లెక్క తేల్చింది, ఆ మూసివేతల వల్ల మొత్తం మీద పట్టిన పిల్లల సంఖ్య తగ్గకపోగా 48 శాతం పెరిగిందని. మూసే ప్రాంతం ఇంకా పెద్దదిగా, ఇంకా ఎక్కువ రోజులు ఉండి ఉంటే కథ వేరుగా ఉండేదేమో.

పెద్ద చేపల్ని మాత్రమే పడితే సరిపోదా అన్నది మీ మూడో ప్రశ్న. సరిపోదు. చిన్నది వదిలి పెద్దది పట్టు అని మాత్రమే రాస్తే భారమంతా పెద్ద తల్లి చేపల మీద పడుతుంది. చేపల్లో పెద్ద తల్లి విలువ మనం అనుకునే దానికంటే ఎక్కువ. 342 జాతుల లెక్కలు తీసి 2018లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, 30 కిలోల ఒక్క ఆడ కాడ్ పెట్టే గుడ్లు, 2 కిలోల కాడ్లు 28 కలిసి పెట్టేవాటికి సమానం. ఆ 28 కలిపి తూస్తే 56 కిలోలు. బరువు సగం, గుడ్లు సమానం, పైగా చాలా జాతుల్లో పెద్ద తల్లి గుడ్డు కూడా కాస్త పెద్దది. అందుకే జర్మన్ శాస్త్రజ్ఞుడు రైనర్ ఫ్రోజె 2004లో మూడు మాటలు కలిపి చెప్పాడు: ఒకసారి గుడ్లు పెట్టనివ్వాలి, ఎదగనివ్వాలి, మహా తల్లుల్ని బతకనివ్వాలి. మనం మొదటి దాని దగ్గరే ఆగిపోయాం.

లింగం మార్చుకునే చేపల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పండుగప్ప మగదిగా మొదలై, ఏళ్లు గడిచి బాగా పెరిగాక ఆడదవుతుంది. బాగా పెద్దవన్నీ దాదాపు ఆడవే. కింద హద్దు మాత్రమే పెట్టి పెద్దవాటిని ఏరుకుంటే గుడ్లు పెట్టేవాటినే ఏరుకున్నట్టు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో అందుకే 58 సెంటీమీటర్ల లోపు వద్దు, 120 దాటినా వద్దు అన్నారు. గ్రూపర్ చేపలది దీనికి తిరగేసిన కథ, ఆడదిగా మొదలై పెద్దయ్యాక మగదవుతుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో గ్యాగ్ అనే గ్రూపర్‌లో 1970లలో నూటికి సుమారు 17 మగవి ఉండేవి, 1990లకు రెండు కూడా మిగలడం కష్టమైంది.

ఇంకో సంగతి, ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. తరతరాలుగా పెద్దవాటినే తీసేస్తుంటే, చిన్న వయసులో చిన్న ఒంటితోనే గుడ్లు పెట్టే చేపల సంతానమే మిగులుతుంది. డేవిడ్ కొనోవర్, స్టీఫన్ మంచ్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో సిల్వర్‌సైడ్ అనే చిన్న చేపను తొట్లలో పెంచారు. కొన్ని తొట్లలో ప్రతి తరంలోనూ పెద్దవి 90 శాతం తీసేశారు, కొన్నిట్లో చిన్నవి తీసేశారు. నాలుగు తరాలకే, చిన్నవి తీసిన తొట్లలో చేప సగటు బరువు పెద్దవి తీసిన తొట్లలో కంటే దాదాపు రెట్టింపుంది. తొట్టి సముద్రం కాదు, ఒప్పుకుంటాను. కానీ కెనడా తూర్పు తీరంలో కాడ్ మంద కుప్పకూలి, 1992 జూలైలో వేట మొత్తం ఆపేసే ముందు సంవత్సరాల లెక్కలు చూస్తే, అక్కడి కాడ్ అంతకంతకూ చిన్న సైజులోనే ఈడుకు వస్తూ కనిపించింది. ముందే గుర్తుపట్టదగిన హెచ్చరిక అది.

ఏడాదిలో పుట్టి ఏడాదిలో చచ్చిపోయే స్క్విడ్, చాలా రకాల రొయ్యలకు కనీస సైజు మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. వాటికి సీజను ఆపడమే మందు. ఎంత పట్టాలనే మొత్తం లెక్క అదుపులో లేకపోతే ఏ జాతికైనా సైజు రూలు ఒక్కటే కాపాడలేదు కూడా.

కొలత సంగతి చెప్పి ఆపుతాను. పొడవుగా ఒక పలక, దాని ఒక కొనకు నిలువుగా అడ్డు పలక, మీద సెంటీమీటర్ల గీతలు. చేపను కుడి పక్కకు పడుకోబెట్టి, నోరు మూసి, మూతి అడ్డు పలకకు ఆనించాలి. మొత్తం పొడవంటే తోక రెక్కలు రెండూ దగ్గరికి నొక్కి, చివరి కొన దాకా. చీలిక పొడవంటే తోక మధ్య గాడి దాకానే. ట్యూనా లాంటి వాటికి చీలిక పొడవు వాడతారు, అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనాకు పెట్టిన 115 సెంటీమీటర్ల హద్దు అలాంటిదే. స్క్విడ్‌కైతే ఒంటి గొట్టం పొడవు, కాళ్లు లెక్కలోకి రావు. మీ చోట రూలు కాగితంలో ఏ పొడవు రాశారో ముందు చూసుకోండి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేను కానాగుర్తల్ని చీలిక దాకా కొలిచి, మొత్తం పొడవు అని ఉన్న గడిలో రాసేశాను. మా పై అధికారి పట్టికను చూసి, ఈ నెలలో చేపలన్నీ ఒక్కసారిగా ఎందుకు కుంచించుకుపోయాయి అని అడిగారు. మూడు వారాల కొలతలు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి ప్రతి పేజీ పైన, కొలత మొదలుపెట్టకముందే, ఏ పొడవో రాసుకుంటున్నాను.